ఆవిష్కరణకు పోవాలా, నెల ఆగి షాపుకు పోవాలా: అనంతపురం పాఠకులకు ఒక సలహా

అనంతపురంలో ఆదివారం సాయంత్రం ఖాళీ చేసుకుని పుస్తకాల వైపు పోదామనుకునే మనిషికి వాట్సాప్‌లో రెండు రకాల పిలుపులు వస్తుంటాయి. మొదటిది రంగురంగుల ఆహ్వానం. పైన సంస్థ పేరు, మధ్యలో పుస్తకం అట్ట, చుట్టూ డజను పాస్‌పోర్టు సైజు ఫొటోలు, అడుగున ‘అందరూ ఆహ్వానితులే’. రెండోది బొమ్మ లేని నాలుగు లైన్ల మెసేజ్. ఫలానా రచయిత మన షాపుకు వస్తున్నారు, ఆరున్నరకు మొదలు, చదివినవాళ్లు రండి, చదవనివాళ్లూ రండి, టీ ఉంటుంది. ఆ నాలుగు లైన్లలో రచయిత పేరు తప్ప ఇంకెవరి పేరూ ఉండదు.

రెండూ ఒకే రోజు పడి, ఒకదానికే పోగలిగితే, రెండోదానికి పొండి. ఎందుకో చెప్తాను. మొదటిదానికి ఎప్పుడు పోక తప్పదో, ఎప్పుడు పోవడమే మంచిదో అదీ చెప్తాను. అక్కడికి పోయాక జేబులో ఉన్న ఐదొందలు ఏ పుస్తకం మీద పెట్టాలి, ఎవరి మాట నమ్మి పెట్టాలి అన్నది ఇంకో సంగతి. దానికి కాస్త ఎక్కువ చోటు కావాలి.

పుస్తకం ఇంకా రిబ్బన్‌లోనే ఉన్న సభ

ఆవిష్కరణ సభలో ఉన్న చిక్కు వక్తలది కాదు, నిర్వాహకులదీ కాదు. పుస్తకం ఆ రోజే బయటికొస్తుంది. రంగు కాగితంలో చుట్టి, రిబ్బన్ కట్టి, పళ్లెంలో పెట్టి తెస్తారు. ముఖ్య అతిథి రిబ్బన్ విప్పుతాడు, అందరూ తలా ఒక కాపీ గుండెల దగ్గర పట్టుకుని ఫొటోకు నిలబడతారు. వేదిక మీద ఉన్నవాళ్లలో పుస్తకం మొత్తం చదివింది ముందుమాట రాసినాయన, సమీక్ష చేసే ఆయన. మిగిలినవాళ్లకు రెండు రోజుల ముందు పీడీఎఫ్ వచ్చి ఉంటుంది. ఫోన్‌లో రెండొందల పేజీలు చదవమంటే ఎవరు చదువుతారు? కాబట్టి వాళ్లు తమకు తెలిసిన విషయమే మాట్లాడతారు. రచయితతో తమ పరిచయం, ఆయన మంచితనం, ఆయన సతీమణి సహకారం, ఈ కాలంలో చదివేవాళ్లు తగ్గిపోయారన్న బాధ. చదువుదామని వచ్చి కూర్చున్న వాళ్లకే ఆ చివరి మాట ఎందుకు చెప్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కింద కూర్చున్న మనకు పుస్తకంలో ఏముందో అసలే తెలియదు. అడగడానికి ప్రశ్నే ఉండదు. ఆవిష్కరణ సభల్లో ప్రశ్నలకు సమయం పెట్టకపోవడానికి కారణం అహంకారం అనుకుంటారు కొందరు. ప్రశ్న పుట్టే అవకాశమే లేకపోవడం అసలు కారణం.

ఆహ్వానం చూసి సభ ఎట్లుంటుందో ముందే చెప్పొచ్చు. పేర్లు లెక్కపెట్టండి. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథులు నలుగురు, సమీక్షకులు ఇద్దరు, వందన సమర్పణ. ఒక్కొక్కరికి పది నిమిషాలని అధ్యక్షుడు ముందే చెప్తాడు, మైకు దగ్గరికి వచ్చేసరికి అది పదిహేనవుతుంది. పదకొండు మందికి దాదాపు మూడు గంటలు. శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు కలిపితే ఇంకో అరగంట. రచయిత స్పందన చివర ఉంటుంది. అప్పటికి ధర్మవరం, తాడిపత్రి బస్సుల వాళ్లు లేచిపోయి ఉంటారు. రచయిత మైకు అందుకుని “టైము లేదు కాబట్టి రెండే మాటలు” అంటాడు. ఆ పూట అందరికన్నా తక్కువ మాట్లాడేది ఆయనే.

అదే ఆహ్వానంలో సమీక్షకుడి పేరు అధ్యక్షుడి తర్వాత వెంటనే ఉంటే, మొత్తం పేర్లు ఐదారు దాటకపోతే, నిర్వాహకులకు పుస్తకం మీద ధ్యాస ఉందని అర్థం. అలాంటిదానికి అనుమానం లేకుండా పోవచ్చు.

ఇక లెక్కలు చూడకుండా పోవాల్సిన ఆవిష్కరణలు కొన్ని ఉంటాయి. రాసినాయన మీకు చదువు చెప్పిన సారో, ఆఫీసులో తోటివాడో, పక్కవీధి అక్కో అయితే పొండి, కాపీ కొనుక్కోండి, ఫ్రీ కాపీ కోసం చేయి చాచొద్దు. తెలుగులో చాలా పుస్తకాలు రచయిత సొంత డబ్బుతోనే అచ్చవుతాయి. రిటైర్మెంట్ డబ్బులో కొంత ఇట్లా పోయిన ఇళ్లు మన ఊళ్లో ఉన్నాయి. ఐదొందల కాపీలో, వెయ్యి కాపీలో వేస్తారు. సభలో అమ్ముడుపోయినన్ని పోతాయి, పంచినన్ని పంచుతారు, మిగతావి అటకెక్కుతాయి. కుర్చీలో ఒక తెలిసిన మొహం, చేతిలో కొన్న ఒక కాపీ. ఆ రోజుకు అది చాలు. సాహిత్య విలువల చర్చ తర్వాత పెట్టుకోవచ్చు.

పురస్కార సభ, సంస్మరణ సభ వేరే జాతి. పురస్కారం వచ్చే నాటికి పుస్తకం బయటికొచ్చి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. వక్తలు చదివి ఉంటారు, కనీసం కొందరు తిట్టి ఉంటారు. సంస్మరణ సభలో అయితే పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది. మన జిల్లా రచయితలు సింగమనేని నారాయణ గురించో, చిలుకూరి దేవపుత్ర గురించో వాళ్లతో తిరిగినవాళ్లు మాట్లాడుతుంటే వినడం ఒక రకం చదువే. లలిత కళాపరిషత్‌లో అలాంటి సభ ఉందని తెలిస్తే పొండి. ముందు వరుసలు విఐపీలకని కాగితాలు అంటించి ఉంటే మూడో వరుసలో కూర్చోండి, అక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతుంది కూడా.

షాపులో ముచ్చట

మన దగ్గర పుస్తకాల షాపు అంటే ముందు కనిపించేది గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ మెటీరియల్, పదో తరగతి టెస్ట్ పేపర్లు. అమ్మకం దాని మీదే నడుస్తుంది, తప్పు పట్టాల్సిన పని లేదు. తెలుగు కథలు, నవలలు వెనక ర్యాకులో ఉంటాయి. ఆ ర్యాకును ముందుకు జరుపుకున్న షాపు, యజమాని తను కూడా చదివే షాపు, మీ పేటలో ఉంటే మీరు అదృష్టవంతులు.

అట్లాంటి షాపులో రచయిత వస్తున్న రోజు ఎట్లుంటుందో చూడండి. గైడ్ల కట్టలు గోడ వైపు జరుపుతారు. పక్క టీ అంగడి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెస్తారు. పదిహేను పడితే ఎక్కువ. కౌంటర్ వెనక ఉండే స్టూలు రచయితకు. మైకు ఉండదు. రోడ్డు మీద ఆటో హారన్ కొడితే ఆయన ఆగి, అది పోయాక మళ్లీ అందుకుంటాడు. ముందు తన పుస్తకంలోంచి రెండు పేజీలు చదువుతాడు. రాసినాయన గొంతులో ఆ రెండు పేజీలు వింటే సంభాషణ ఏ యాసలో నడుస్తుందో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో తెలుస్తుంది. అది సమీక్షలో దొరకదు. చదవడం అయ్యాక వెనక కుర్చీలోంచి ఎవరో “సార్, ఆ ముసలామె ఇల్లు అమ్మనని మొండికేసి, చివర్లో ఎందుకు సంతకం పెట్టింది? నాకు నచ్చలేదు” అంటారు. రచయిత కాసేపు ఆలోచించి జవాబు చెప్తాడు. పక్కనాయన ఒప్పుకోడు. అక్కడి నుంచి ముచ్చట దానంతటదే నడుస్తుంది.

ఆ ప్రశ్న ఎట్లా వచ్చింది? పుస్తకం మూడు వారాలుగా అదే షాపులో అమ్ముతున్నారు కాబట్టి. వచ్చిన పదిహేను మందిలో ఆరుగురు చదివి వచ్చారు కాబట్టి. చిన్న సభ, పెద్ద సభ అన్న తేడా కన్నా ఈ తేడా పెద్దది. చదివినవాళ్లు గదిలో ఉంటే కల్యాణమండపంలో జరిగినా బాగుంటుంది, లేకుంటే షాపులో జరిగినా అది శాలువాలు తగ్గిన ఆవిష్కరణే.

అందుకే పోయేముందు షాపుకు ఒక ఫోన్ చేయండి. పుస్తకం ఇప్పుడు దొరుకుతుందా అని అడగండి. “ఆ రోజే వస్తాయి సార్, డిస్కౌంట్ కూడా ఉంటుంది” అంటే సంగతి అర్థమైనట్టే. రచయితతో ఎవరు మాట్లాడతారు అని కూడా అడగండి. ఎవరో ఒకరి పేరు చెప్పి, “ఆయన చదివినాడు” అని చేరిస్తే మంచి గుర్తు. ఎంతసేపు అంటే గంటన్నర అనాలి. అంతకు మించితే టీ చల్లారుతుంది, జనం పలచబడతారు.

షాపు సభల్లో ఇబ్బందులు లేవని కాదు. రచయిత సిగ్గరి అయితే, వచ్చింది నలుగురే అయితే, గంట గడవడం కష్టం. ప్రతి ఊళ్లో ఒక పెద్దమనిషి ఉంటాడు, “ప్రశ్న కాదు, చిన్న అభిప్రాయం” అని లేచి పావుగంట తన జీవితం చెప్తాడు. మంచి షాపు యజమాని ఆయనకు మూడో నిమిషంలో టీ గ్లాసు అందిస్తాడు. చిన్న షాపుల్లో బాత్రూము ఉండదు. ఆడవాళ్లు రాకపోవడానికి ఇదొక కారణమని ఎవరూ పైకి చెప్పరు. కాస్త పెద్దిల్లు ఉన్న పాఠకులెవరైనా హాలు ఇస్తే ఆ సభలకు వచ్చే ఆడవాళ్ల సంఖ్య తేడా కంటికి కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద సాయంత్రం ఆరున్నరకు కూడా కూర్చోలేం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఊరికి మంచి కాలం.

ఇంకొకటి, మొహమాటం. పదిహేను మంది గదిలోంచి ఖాళీ చేతుల్తో లేచిపోతే అందరికీ కనిపిస్తుంది. మొహమాటానికి కొన్న పుస్తకం చదవరు. వారం ముందే షాపుకు పోయి పది పేజీలు తిరగేసి, నచ్చితే కొనండి. నచ్చకపోతే సభకు మాత్రం పోయి వినండి. లైబ్రరీ కాపీ చదివి వచ్చానని రచయితతో చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. చదివినవాడు దొరికాడన్న సంతోషంలో ఆయన కొన్నారా లేదా అని అడగడు.

మిగతా దారుల సంగతి త్వరగా చెప్పేస్తాను. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. రెండూ కొనడానికి మంచివి, వినడానికి కాదు. స్టాల్ దగ్గర రచయిత కనిపించినా వెనక క్యూ ఉంటుంది. లిస్టు రాసుకుని పోయి కొనుక్కుని వచ్చేయడం మేలు. బెంగళూరు పోతే చర్చ్ స్ట్రీట్‌లో ఇంగ్లిషు పాత పుస్తకాలకు మన ఊరి కుర్రవాళ్లు ఎలాగూ పోతూనే ఉంటారు. జూమ్‌లో జరిగే సభలు, ముఖ్యంగా అమెరికా నుంచి నడిపేవి, యూట్యూబ్‌లో ఉండిపోతాయి. అంట్లు తోముకుంటూ వినొచ్చు, ఆదివారం సాయంత్రం ఖర్చు పెట్టనవసరం లేదు.

ఎవరి మాట విని కొనాలి

“కొత్తగా ఏమొచ్చినాయి అన్నా?” అని అడిగితే షాపాయన కొత్తగా వచ్చినవి చూపిస్తాడు. “మంచి పుస్తకం ఏదన్నా ఉందా?” అంటే అమ్ముడుపోయేది చూపిస్తాడు. తప్పు ఆయనది కాదు, మన గురించి మనమేమీ చెప్పలేదు. చివరిసారి ఆపకుండా చదివిన పుస్తకం ఏదో, సగంలో పెట్టేసింది ఏదో ఈ రెండూ చెప్పండి. పెట్టేసినదాని గురించి చెప్తేనే ఆయనకు ఎక్కువ తెలుస్తుంది. మంచి షాపులో ఆ సంభాషణ ఇట్లా నడుస్తుంది.

“పోయిన్నెల తీసకపోయింది సదివినావా అప్పా?”

“సగం సదివి పెట్టేసినా అన్నా. మనుషులు శానామంది, పేర్లు గుర్తుండల్యా.”

“అట్లయితే ఇది నీకొద్దులే, దీంట్లో ఇంకా ఎక్కువమంది. ఈ కథలు తీసకపో. ఒగటి సదువు, బాగుంటేనే రెండోది.”

ఆ ‘వద్దులే’ కోసమే షాపుకు పోవాలి. మూడొందల అమ్మకం ఆయన చేతులారా వదులుకున్నాడు. ఎందుకంటే వచ్చే నెల మీరు మళ్లీ అదే గడప తొక్కుతారని, నచ్చని పుస్తకం కట్టబెడితే మొహం చూపించలేనని ఆయనకు తెలుసు. ఆన్‌లైన్ సైటుకు ఆ బాధ లేదు. ‘ఇది కొన్నవాళ్లు ఇవి కూడా కొన్నారు’ అని చూపిస్తుంది తప్ప, ఫలానాది మీకు సరిపడదని ఏ సైటూ చెప్పదు.

అట్లాగని షాపాయన మాట వేదవాక్కు కాదు. అమ్మితే డబ్బు, అమ్మకపోతే వాపసు అనే ఒప్పందం మీద తెచ్చిన పుస్తకాలు కొన్ని, డబ్బు పెట్టి కొనేసినవి కొన్ని ఉంటాయి. కొనేసి కదలకుండా ఉన్నదాన్ని కదిలించాలని ఆయనకూ ఉంటుంది. దీనికి చిన్న పరీక్ష ఉంది. ఈ మధ్య మీరు చదివి నచ్చనిదేది అని అడగండి. ఠక్కున ఒక పేరు, ఒక కారణం చెప్తే ఆయన సిఫారసులూ నమ్మొచ్చు. అన్నీ బాగున్నాయి సార్ అంటే ఆయన చదవడం లేదు, అమ్ముతున్నాడంతే.

ఫేస్‌బుక్ సమీక్షకూ ఇదే పరీక్ష. పుస్తకం పట్టుకుని రచయితతో దిగిన ఫొటో, ‘తప్పక చదవాల్సిన’ అన్న మాట, కింద రచయిత పెట్టిన నమస్కారం బొమ్మ. ఈ మూడూ ఉన్న పోస్టులో ఒక్క లోపం కూడా రాసి ఉండకపోతే దాన్ని అభినందన కింద లెక్కేసుకోండి. ఫలానా భాగం సాగదీశాడు అని రాసినాయన మాట పట్టుకోండి, ఆయన కనీసం ఆ భాగం దాకా చదివాడు. ఆదివారం అనుబంధాల్లో ‘స్వీకారం’ కింద వచ్చే రెండు లైన్లు సమీక్ష కాదు గానీ, వెల, ప్రతులకు ఫోన్ నంబరు దొరుకుతాయి. షాపులో లేని పుస్తకం తెప్పించడానికి అది పనికొస్తుంది.

అవార్డుల లిస్టు నన్నడిగితే మన ఊళ్లో ఉండాల్సినంత వాడకంలో లేదు. అవార్డు పుస్తకం కొత్తది కాదు, అదే దాని బలం. మన బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’ 2017లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి తెచ్చుకుంది, 2019కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ రెండేళ్లలో చాలామంది చదివారు, పొగిడారు, వాదించారు. మీరు కొనే నాటికి అది బాగా నలిగిన పుస్తకం. అవార్డు వచ్చిన ప్రతిదీ నచ్చాలని లేదు, కానీ ఎవరూ చదవని పుస్తకాన్ని మొదటగా మోయాల్సిన బరువు మీ మీద పడదు.

జిల్లా కేంద్ర గ్రంథాలయాన్ని ఈ పోలికలో ఎవరూ కలపరు. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ దాంతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. అంటే చందా ముందే కట్టేశారు. కొత్త పుస్తకాలు ఆలస్యంగా వస్తాయి, కొన్ని రావు. పాత సీమ రచయితలను రుచి చూడటానికి మాత్రం దాన్ని మించింది లేదు. అక్కడ చదివి, ఇంట్లో ఉండాలనిపించినదాన్ని షాపులో కొనండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో రచయితలనూ పిలుస్తారు. పిల్లల వ్యాసరచన పోటీల మధ్యలో రచయిత దొరుకుతాడు, జనం తక్కువ, మాట్లాడటానికి తీరిక ఎక్కువ.

ఎవరికి ఏది

కాలేజీ తర్వాత పుస్తకం ముట్టనివాళ్లు నవలతో మొదలుపెట్టొద్దు. కేతు విశ్వనాథరెడ్డి కథలు తీసుకోండి. కడప జిల్లా మనిషి, 1996లో ఆ కథల సంపుటికే సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అరవడు, ఏడిపించడు, ఊరి మనుషుల మధ్య ఏం మారిపోతోందో నింపాదిగా చెప్తాడు. ఒక్క రచయిత దగ్గరే ఆగకూడదనుకుంటే సింగమనేని నారాయణ కూర్చిన ‘సీమ కథలు’ దొరుకుతుందేమో అడగండి. ఒక్కో కథ ఒక్కో రచయితది. ఎవరు మీకు సరిపోతారో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. కొత్త కాపీ లేకపోతే లైబ్రరీ ఉండనే ఉంది.

చరిత్ర ఇష్టమైతే, రోజూ బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదుగా పోతూ ఇక్కడ ఒకప్పుడు ఎవరుండేవాళ్లో అనుకునేవాళ్లయితే, ‘శప్తభూమి’. పద్దెనిమిదో శతాబ్దం, హండే రాజుల అనంతపురం, పాలెగాళ్లు, కరువు. మనుషులు చాలామంది వస్తారు. పైన చెప్పిన షాపులో ‘వద్దులే’ అనిపించుకున్న రకం వాళ్లు దీన్ని రెండో విడతకు పెట్టుకోండి. లేదా ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటూ చదవండి. మొదటి యాభై పేజీల తర్వాత ఆ కాగితం అవసరం ఉండదు.

‘కొండపొలం’ సినిమా 2021లో వచ్చింది, చాలామంది చూశారు. చూసినవాళ్లకు నవల ఇవ్వడం తేలిక, ఎందుకంటే కథ భయపెట్టదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ఆ నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. కరువులో గొర్ల మందను నల్లమల మీదికి తోలుకుపోవడం, నీళ్ల కోసం వెతుకులాట, అడవిలో రాత్రులు నవల్లో తీరుబడిగా ఉంటాయి. ఇంటర్ చదివే కుర్రాడికి కొనిపెట్టాలంటే నా మొదటి ఓటు దీనికే.

పద్యం మనకెందుకులే అనుకునేవాళ్లకు విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’. 1956 నాటిది. ఆయనది మన తరిమెలే. సన్నటి పుస్తకం, ఎండిపోయిన పెన్న ఒడ్డున బతికే పేదల కథ. దాన్ని మనసులో చదివితే సగమే అందుతుంది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని పైకి చదవండి. ముసలివాళ్లుంటే ఇంకా మంచిది. తెలియని మాట వస్తే వాళ్లే చెప్తారు, చెప్పి ఆగరు, తమ కాలంనాటి కరువు గురించి కూడా చెప్తారు.

తక్కువ పేజీల్లో ఎక్కువ కావాలంటే వేంపల్లి షరీఫ్ ‘జుమ్మా’. కడప వైపు ముస్లిం ఇళ్లలోని కథలు. దీనికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నానికి సరిపోతుంది. దేవపుత్ర ‘పంచమం’ మాత్రం తీరిక ఉన్నప్పుడు, మనసు గట్టిగా ఉన్నప్పుడు తెరవండి. దళితుల జీవితం మీద మన జిల్లాలోంచి వచ్చిన గట్టి నవల. సభలో విన్న ఊపులో కొని వెంటనే మొదలుపెట్టేది కాదు.

పిల్లల పుస్తకం పిల్లల్నే ఎంచుకోనివ్వండి. నీతికథల బొత్తి మీరు ఎంచితే అది అల్మారాలో భద్రంగా ఉంటుంది. కర్నూలు ఎం. హరికిషన్ రాసిన జానపద కథల పుస్తకాలు, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల బొమ్మల పుస్తకాలు చవక, సన్నగా ఉంటాయి, చినిగినా ప్రాణం ఉసూరుమనదు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా వినడం వచ్చు. వాళ్లకు చదివి వినిపించేవాళ్లు ఇంట్లో ఉంటేనే కొనండి.

ఐదొందల లెక్క

పుస్తకాల మీద జీఎస్టీ లేదు. వెలలో పబ్లిషరు షాపుకు ఇచ్చే కమీషన్ సాధారణంగా మూడో వంతు అటూ ఇటూగా ఉంటుంది. అందులోంచే షాపు అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, ఆ రోజు టీలు, రచయిత బస్సు చార్జీ. కాబట్టి ఆన్‌లైన్‌లో ముప్పై శాతం తగ్గించారు, నువ్వెందుకు తగ్గించవని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు. గ్రూప్స్ గైడు ఎక్కడ చవకగా వస్తే అక్కడ కొనుక్కోండి, దానికి ఎవరి సలహా అక్కర్లేదు. తెలుగు కథల పుస్తకం విషయంలో ఆన్‌లైన్ లెక్క తరచూ తిరగబడుతుంది. నూట యాభై రూపాయల పుస్తకానికి పోస్టేజీ కలిపితే తగ్గించిన డిస్కౌంట్ అక్కడే పోతుంది. చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు చాలావరకు ఆ సైట్లలో దొరకవు కూడా.

నేనైతే ఐదొందలు ఇట్లా పెడతాను. సభకు వచ్చిన రచయిత పుస్తకం ఒకటి, వారం ముందే. అదే షాపులో పాత పుస్తకం ఒకటి, షాపాయన చెప్పింది. రెండూ కలిపి నాలుగొందలు దాటకుండా చూసుకుంటాను. మిగిలింది సభ అయ్యాక ఒగ్గాణి, మిరపకాయ బజ్జీకి. అసలు చర్చ అక్కడే జరుగుతుంది, రచయిత కూడా అక్కడే నోరు విప్పుతాడు.

సంతకం చేయించుకుంటే పేరుతోపాటు ఊరు, తేదీ రాయమనండి. ఎవరికైనా ఇవ్వాలని కొన్న కాపీ అయితే మీ పేరు రాయించొద్దు.

మీ పేట షాపులో ఇంకా ఇట్లాంటి సభలు మొదలుకాకపోతే, షాపాయన్ను పెద్దగా బతిమాలాల్సిన పని లేదు. ఫలానా రచయిత వస్తే పుస్తకం ముందే కొని చదివి వస్తామని ఎనిమిది మంది పేర్లు, ఫోన్ నంబర్లు ఆయన నోటుబుక్కులో రాసి రండి. ఎనిమిది కాపీలు అమ్ముడైనట్టే కాబట్టి ఆయన ధైర్యం చేస్తాడు. కడప నుంచో, కర్నూలు నుంచో రావాల్సిన రచయితకు బస్సులో మూడు నాలుగు గంటల ప్రయాణం. రానూపోనూ చార్జీ, మధ్యాహ్నం భోజనం, రాత్రికి ఆలస్యమైతే ఒక పడక ఎవరింట్లోనో ఒకరింట్లో చూడాలి. మాట దసరా లోపే చెప్పండి. అక్టోబరు, నవంబరు ఆదివారాలకు పెళ్లి ముహూర్తాలు, ఆవిష్కరణ సభలు ముందే పోటీ పడుతుంటాయి.